రెండు బైట్లలో తేదీ

పాత పెళ్లి ఫోటోలను స్కాను చేయించి మెమరీ కార్డులో దాచుకొనే అలవాటు మన కుటుంబాలలో బాగానే వచ్చింది. మంచిదే. కాని 1957 నాటి పెళ్లికి ఆ ఏటి తేదీనే ఫైలు తేదీగా వేద్దామంటే కార్డు ఒప్పుకోదు. అదెందుకో ఈ నెల చెప్పదలచుకొన్నాము.

కార్డులలోను, పెన్‌డ్రైవులలోను తరచు వాడే ‘ఫాట్’ పద్ధతిలో తేదీకి దొరికే చోటు రెండు బైట్లు, అనగా 16 బిట్లు. 1981లో వచ్చిన డాస్ నాటి ఏర్పాటు అది. అప్పట్లో చోటుకు కరువు. ఏడు బిట్లు సంవత్సరానికి, నాలుగు నెలకు, అయిదు రోజుకు. సంవత్సరాన్ని 1980 నుంచి లెక్కిస్తారు. ఏడు బిట్లలో 127కు మించి పట్టదు గనుక 2107తో సరి. మా తండ్రుల తరం ఈ లెక్కలో పుట్టనేలేదు!

2024 ఆగస్టు 15 అక్కడ 22799గా ఉంటుంది. దానిని 32తో భాగిస్తే శేషం 15, అదే రోజు. భాగఫలం 712ను 16తో భాగిస్తే శేషం 8, అదే నెల. మిగిలిన 44కు 1980 కలుపుకోవాలి.

ఇటువంటి కార్డులను చదివే ప్రోగ్రాములు వ్రాయగల పిల్లలు ఇప్పుడు మన ఇళ్లలోనే ఉన్నారు. వారిలో రస్టు భాష పట్టినవారికి ఇక్కడ ఒక చిక్కు. సి భాషలో ‘ఈ ఖానాకు ఏడు బిట్లు’ అని స్ట్రక్టులోనే వ్రాయవచ్చును. ఆ ఏడింటిని ఏ కొసన పెట్టాలన్నది మాత్రం కంపైలరు ఇష్టం. రస్టులో ఆ సదుపాయమే లేదు. ‘ప్యాక్డ్’ అని వ్రాస్తే ఖానాల మధ్య ఖాళీ బైట్లు పోతాయే గాని, బైటు ముక్కలు కాదు. అందుచేత స్ట్రక్టులో ఒకే 16 బిట్ల సంఖ్యను ఉంచి, రోజుకు, నెలకు, సంవత్సరానికి తలా ఒక చిన్న ఫంక్షను వ్రాసుకోవాలి. సంఖ్యను కుడికి జరిపి, అక్కరలేని బిట్లను మాస్కుతో తుడిచివేయడమే అందులో పని. జరపడం పైన చేసిన భాగహారమే, మాస్కు ఆ శేషమే.

ఇదంతా చాకిరీ అని కుర్రవాళ్లు విసుక్కుంటారు. చేసిపెట్టే క్రేట్లూ ఉన్నవి. మా మట్టుకు, ఒకసారి చేత్తో వ్రాయడమే మేలంటాము. ఏ బిట్టు ఎక్కడున్నదో కంటికి కనబడుతుంది. కాని తేదీని లోపల పెట్టేటప్పుడు హద్దు చూసుకోవాలి. ఆగస్టుకు రోజు 33 అని వచ్చి, దానిని అలాగే కలిపేస్తే, పొంగిన బిట్టు నెలలోకి పోయి సెప్టెంబరు 1 అయి కూర్చుంటుంది. ప్రోగ్రాము కిక్కురుమనదు.

ఇక ఆ పెళ్లి ఫోటోకు ఫైలు పేరులోనే ముందు 1957 అని, తరువాత నెల, రోజు, ఊరు వ్రాసుకోండి. పేరుకు ఈ 16 బిట్ల కట్టడి లేదు.