ఏకాగ్రత అంటే ఏకవృత్తి కాదు

పదవ తరగతి ముగియగానే పిల్లల చేత ఒక దారిని ఎంపిక చేయించి, తక్కిన అభిరుచులను అటకెక్కించడం మన ఇళ్ళలో ఆచారమైపోయింది. పలు పనులు పట్టినవారికి ఏదీ పట్టుబడదని పెద్దల భయం.

అడివి బాపిరాజు గారిని (1895–1952) ఒక్కసారి స్మరించండి. న్యాయశాస్త్రం చదివి వకీలు వృత్తి చేపట్టారు. బందరు జాతీయ కళాశాలకు అధ్యక్షులయ్యారు. హైదరాబాదులో ‘మీజాన్’ పత్రికకు సంపాదకులయ్యారు. చలనచిత్రాలకు కళాదర్శకత్వం వహించారు. వీటి నడుమనే బొమ్మలు వేశారు, పాటలు కట్టారు, నవలలు వ్రాశారు. వారి ‘నారాయణరావు’ విశ్వనాథ వారి ‘వేయిపడగలు’తో పాటు ఆంధ్ర విశ్వకళా పరిషత్తు బహుమతిని పంచుకున్నది. ‘హిమబిందు’లోని వర్ణనలు చదువుతుంటే ఆ కలం పట్టినది చిత్రకారుని చేయి అని ఇట్టే తెలుస్తుంది. ఒక విద్య మరొక విద్యకు సవతి కాలేదు, తోబుట్టువైంది.

అయితే, పలు విద్యలు పట్టడం వేరు, పలు విద్యలు రుచి చూసి వదలడం వేరు. అష్టావధాని ఎనిమిదిమంది పృచ్ఛకులకు బదులిస్తాడు. చివర ధారణ చేయలేకపోతే మాత్రం అది అవధానమనిపించుకోదు. ఏకాగ్రత అంటే ఒకే పనిని పట్టుకొని ఉండడం కాదు, పట్టిన ప్రతి పనినీ నిలుపుకోవడం.

కనుక పిల్లవాడిని “ఎన్ని పనులురా నీకు?” అని గద్దించే ముందు, “ఏ పనికి నిత్యసాధన చేస్తున్నావు?” అని అడగండి. రెండింటికీ చేస్తున్నానంటే, ఆ రెండవదానిని అటకెక్కించవద్దని తల్లిదండ్రులకు నా మనవి.