ఉరి తీశాక తీర్పు దిద్దలేం
ఎక్కడ ఘోరం జరిగినా మా జహీరాబాద్ చాయ్ హోటళ్లలో వినిపించే మాట ఒకటే: ‘ఉరి తీయాలె’. ఆ కోపం నాకు అర్థమవుతుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి కడుపుకోతకు ఏ శిక్షా సరిపోదు. కానీ ఆ మాట అనే ముందు సత్యంబాబును తలచుకోండి. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఓ ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైతే, మరుసటి ఏడాది పోలీసులు ఈ పేద దళిత యువకుణ్ని పట్టుకున్నారు. 2010లో మహిళా కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. నేరం చేసింది అతను కాదని ఆ అమ్మాయి తల్లిదండ్రులే మొత్తుకున్నారు. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ని నిర్దోషిగా తేల్చి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. జైల్లో కరిగిపోయిన యవ్వనం లక్షతో తిరిగి రాదు. అయినా మనిషి ప్రాణాలతో ఇల్లు చేరాడు. అదే ఉరి అమలై ఉంటే ఆ తీర్పు ఎవరికి వినిపించేవాళ్లం? 2009లో మహారాష్ట్రకు చెందిన ఆరుగురు సంచార జాతి పేదలకు ఉరి ఖాయం చేసిన సుప్రీంకోర్టే, 2019లో వాళ్లు నిర్దోషులని విడిచిపెట్టింది. ‘అరుదైన వాటిలో అరుదైన’ కేసుల్లోనే ఉరి అని అదే కోర్టు 1980లో గీసిన గీత కూడా వాళ్లను కాపాడలేదు. మంచి వకీలును పెట్టుకోలేనివాడి మెడకే ఉరితాడు సులువుగా బిగుస్తుంది. దోషిని జీవితాంతం జైల్లో ఉంచండి. పొరపాటు దిద్దుకునే దారి మాత్రం మూయకండి.