పొడిచే ఎద్దును వదిలింది మనమే

ధ్యానభాగం: నిర్గమకాండము 21:28, 29



వేసవి సెలవులు వచ్చాయి. పిల్లలు అమ్మమ్మల ఇళ్లకు చేరారు. పెళ్లిళ్లు, ప్రధానాలు, సువార్త సభలు వరుసగా ఉన్నాయి. ఊళ్లో ఏ ట్రాక్టరూ ఏ ఆటో ఖాళీగా లేదు. బండి కదిలే ముందు "అయ్యగారూ, ఒక్క మాట ప్రార్థన చేయండి" అని పిలుస్తారు. మేము వెళ్తాం, చేస్తాం.

నాలుగేళ్ల కిందట మే నెలలో ఒక పెళ్లి ట్రాక్టరు ముందు అలాగే నిలబడ్డాం. డ్రైవరు తల వంచి ఆమేన్ అన్నప్పుడు మందు వాసన మా ముఖానికి కొట్టింది. శుభమా అని బయలుదేరుతుంటే పెళ్లివారిని నొప్పించడం ఎందుకని ఊరుకున్నాం. ఆ రాత్రి తిరుగు ప్రయాణంలో కాలవ మలుపు దగ్గర ట్రక్కు తిరగబడింది. సెలవులకు వచ్చిన పదేళ్ల బిడ్డ దాని కింద పడి చనిపోయాడు. ఆ బిడ్డ భూస్థాపన జరిపించిందీ మేమే. అక్కడ అందరి నోటా ఒకటే మాట: "అంతా దేవుని చిత్తం." మేమూ తల ఊపాం.

అలా తల ఊపినందుకు సిగ్గుపడి ఇది రాస్తున్నాం. ఆ మాట అబద్ధం. దేవుని మీద మనం మోపే అబద్ధం.

మోషే ధర్మశాస్త్రంలో పొడిచే ఎద్దు సంగతి చదవండి. ఎద్దు ఎప్పుడూ పొడవనిదై, ఒకనాడు ఒకరిని పొడిచి చంపితే యజమాని నిర్దోషి. కానీ అది పొడుస్తుందని అతనికి ముందే తెలిసి, జనం హెచ్చరించినా కట్టివేయకపోతే, ఎద్దుతో పాటు యజమానీ దోషే. తెలిసి వదలడమే అక్కడ నేరం. తాగినవాడి చేతిలో తాళం పెట్టినప్పుడు మనకు తెలియనిది ఏముంది?

మన దేశ చట్టం కూడా ఇదే చెబుతోంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు, లేదా పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. 188వ సెక్షన్ దానికి ప్రోత్సహించినవాడికీ అదే శిక్ష అంటోంది. డ్రైవరు బత్తాతో పాటు క్వార్టరు సీసా చేతిలో పెట్టి "రాత్రికి మమ్మల్ని దించు" అనే పెళ్లిపెద్ద ఈ సెక్షన్ సంగతి ఆలోచించుకోవాలి. పొరుగువానికి తాగించేవానికి శ్రమ అని హబక్కూకు ప్రవక్త రెండో అధ్యాయంలో హెచ్చరించింది ఇలాంటి చేతినే.

"91వ కీర్తన చదువుకుని ఎక్కాం, దూతలు కాపాడతారు" అంటారు కొందరు. దేవాలయ శిఖరం మీద సాతాను ప్రభువుకు ఎత్తి చూపింది ఆ కీర్తననే. దూతలు ఎత్తి పట్టుకుంటారు, దూకమన్నాడు. ప్రభువు దూకలేదు. అది విశ్వాసం కాదు, దేవుని శోధించడం అన్నాడు. ప్రభువు దూకని చోట మన పిల్లలను దూకిస్తున్నామా?

"మజ్జిగ తాగించాం, నిమ్మకాయ పెట్టాం, తల మీద నీళ్లు పోశాం, దిగిపోయింది" అంటారు. దిగదు. రక్తంలో చేరిన మందును కాలేయం తన వేగంతోనే కరిగిస్తుంది. నీళ్లు పోస్తే తడిసిన తాగుబోతే మిగులుతాడు. "ఎంత తాగినా వాడి చేయి వణకదు" అంటారు. చేయి వణకకపోయినా చూపు, అంచనా, బ్రేకు మీదికి కాలు వెళ్లే వేగం చెడిపోతాయి.

ఇంటి మీది నుంచి ఎవరూ పడిపోకుండా పిట్టగోడ కట్టమని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో దేవుడు చెప్పాడు. ఈ వేసవికి మన పిట్టగోడ ఇది. బండి మాట్లాడేటప్పుడే "తాగితే పైసా ఇవ్వం" అని చెప్పండి. డ్రైవరుకు ముందుగా అన్నం పెట్టండి, బత్తా మాత్రం ఇల్లు చేరాకే ఇవ్వండి. విందు రాత్రి దాకా సాగితే అక్కడే పడుకుని తెల్లవారి రండి. తాగినవాడికి తాళం బదులు చాప ఇవ్వండి. అతనూ ఒక తల్లి కొడుకే. ట్రాక్టరు మడ్‌గార్డు మీద పిల్లలను కూర్చోబెట్టకండి.

మీరు తాగకపోయినా ఎదురొచ్చేవాడు తాగి ఉండవచ్చు. ఉక్కపోతకు రోడ్డు పక్కన మంచాలు వేసుకోవడం మానండి, మేడ మీదికో పెరట్లోకో వెళ్లండి. చీకట్లో నడిస్తే కుడి పక్కన, ఎదురొచ్చే బండి కనబడేలా, టార్చి పట్టుకుని నడవండి. ముందు బండి అటూ ఇటూ ఊగుతుంటే దాటబోకండి. వెనక ఆగి 112కు చెప్పండి. దెబ్బ తగిలినవారు కనబడితే 108కి ఫోను చేయండి. మంచి సమరయుడిలా సాయం చేసినవారిని కేసుల్లో ఇరికించకుండా 2019 సవరణలో 134ఎ సెక్షన్ వచ్చింది. కోర్టుల భయంతో పక్కనుంచి వెళ్లిపోవడానికి ఇక సాకు లేదు.

చివరిగా మా సంగతి. ఈ వేసవి నుంచి డ్రైవరు దగ్గర మందు వాసన వస్తే ఆ బండికి మేము ప్రార్థన చేయం. బండికి అడ్డంగా నిలబడతాం. పాస్టరు శుభకార్యం చెడగొట్టాడని అనేవారు అననివ్వండి. ఆ రోజు ఒక పెళ్లి గంట ఆలస్యమై ఉంటే ఆ బిడ్డ ఈ జూన్‌లో బడికి వెళ్లేవాడు.

ప్రభువా, తెలిసి మౌనంగా ఉన్న మా పాపమును క్షమించుము. అడ్డు నిలిచే ధైర్యము మాకు దయచేయుము. ఆమేన్.