గిన్నెలూ గరిటెలూ చాలవా?

ఈమధ్య చిన్నపిల్లల ఆటల వీడియోలు తెగ చూస్తున్నాను. మా పిల్లలిద్దరూ కాలేజీకొచ్చేశారు కాబట్టి నాకు వాటితో పనిలేదు. మా చెల్లెలి కూతురు పంపిస్తుంది. దానికి రెండేళ్ళ కొడుకు. "పెద్దమ్మా, ఇది చూడు, ఎంత సింపులో" అంటుంది.

ఆ సింపుల్ ఆటకి కావలసినవి చెప్తాను వినండి. ఐదు రంగులు పట్టించి ఆరబెట్టిన బియ్యం, వెడల్పాటి ట్రే, చెక్క చెంచాలు, చిన్న చిన్న ప్లాస్టిక్ జంతువులు, గరాటు, గొట్టాలు. బియ్యానికి రంగులెయ్యాలంటే ముందురోజు రాత్రి పిల్లాడు పడుకున్నాక కూర్చోవాలి. తీరా వాడు ఆడేది పది నిమిషాలు. ఆ తర్వాత సోఫా కిందనుంచి బియ్యం ఏరుకునేసరికి ముప్పావుగంట. ఇది పిల్లాడికి ఆటో, తల్లికి శిక్షో నాకైతే అర్థం కాదు. పైగా అలా చెయ్యలేకపోయిన రోజున "నేను వాడికి సరిగ్గా టైమివ్వట్లేదు" అని బాధొకటి.

నా మటుకు నాకు, రెండుమూడేళ్ళ పిల్లలకి ఆటలు మనం తయారుచేసి పెట్టక్కర్లేదనిపిస్తుంది. వాళ్ళకి కావలసింది ఇంట్లో పెద్దవాళ్ళు వాడే వస్తువులు, కాస్త చోటు, కాసేపు చిందరవందర చేసుకోవడానికి అనుమతి. మొదటి రెండూ అందరిళ్ళలోనూ ఉన్నాయి. మూడోదే దొరకదు.

బొమ్మరిళ్ళు, గుజ్జనగూళ్ళు, పిచ్చుకగూళ్ళు. తెలుగు చదువుకున్నదాన్ని కదా, ఈ మాటలు వింటేనే నాకు సంతోషం. తడి ఇసకలో పాదం దూర్చి, పైన మెత్తి, మెల్లిగా కాలు తీస్తే పిచ్చుకగూడు. దానికి సామాను కాలూ ఇసకానే. కొని ఇచ్చేవి ఏమైనా ఉంటే లక్కపిడతలు. ఏటికొప్పాకలో అంకుడుకర్రతో చేసి లక్క రంగులు పూస్తారే, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, అవి. (మరీ చిన్న సైజువి మూడేళ్ళు దాటాకే ఇవ్వండి, నోట్లో పెట్టేసుకుంటారు.) అందులో కూడా పిల్లలు చేసేదేమిటి? అమ్మ చేసే వంటే కదా.

మాంటిస్సోరీ అని పేరుపెట్టి వేలకి వేలు పోసి అమ్మే చెక్క సామాన్లు చూస్తే నవ్వొస్తుంది నాకు. ఆవిడ 1907లో రోమ్‌లో పేదవాళ్ళ పేటలో మొదటి బడి పెట్టారు. 1939లో మన మద్రాసు అడయారుకి వచ్చి టీచర్లకి శిక్షణ కూడా ఇచ్చారు. ఆవిడ పద్ధతిలో నీళ్ళు ఒంపడం, బల్ల తుడవడం, గుండీలు పెట్టుకోవడం ముఖ్యమైన పాఠాలు. మనింట్లో పిల్లాడు చెంబుతో నీళ్ళొంపితే మాత్రం వీపు విమానం మోత!

అన్నిటికన్నా ఎక్కువసేపు పనికొచ్చేది నీళ్ళే. బాల్కనీలోనో పెరట్లోనో చిన్న పళ్ళెంలో నీళ్ళు పోసి, రెండు స్టీలు గ్లాసులు, టీ వడపోసేది, ఓ స్పాంజి ముక్క ఇవ్వండి. అటునుంచి ఇటు పోస్తాడు, ఇటునుంచి అటు పోస్తాడు. జాలీలోంచి నీళ్ళు ఎందుకు కారిపోతున్నాయో వాడికి ఎంతకీ తెమలదు. మనకి విసుగేగానీ వాడికి ఉండదు. ఎండగా ఉన్నరోజున పాత బ్రష్షు, నీళ్ళు ఇచ్చి గోడకి రంగెయ్యమనండి. వేసింది వేసినట్టే ఆరిపోతుంది, ఎక్కడికి పోయిందా అని వెతుక్కుంటాడు, మళ్ళీ వేస్తాడు. తుడవాల్సిన పనే లేదు.

చపాతీలు చేసేరోజు చిన్న ముద్ద పక్కకి తీసి, కాస్త ఉప్పూ నూనే వేసి, చిటికెడు పసుపు కలిపితే చాలు. అది పామూ అవుతుంది, లడ్డూ అవుతుంది. బెండకాయ తొడిమ కోసి పసుపునీళ్ళలో ముంచి పాత పేపరు మీద అద్దితే పువ్వులు పడతాయి. ప్లాస్టిక్ గాజులు అప్పడాలకర్రకి తొడగడం, బట్టల క్లిప్పులు వెడల్పు డబ్బాలో వేసి గలగలలాడించడం, ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ వేరు చెయ్యడం. ఇవన్నీ మనం వంట చేసుకుంటుంటే పక్కన జరిగిపోయేవే. మధ్యలో "ఇదేం రంగు? ఎన్నున్నాయి?" అని పరీక్ష పెట్టకండి. వాడి పనిలో వాడుంటే మీరు కాఫీ తాగండి.

"మగపిల్లాడికి గరిటెలేంటే" అన్న మాట కూడా విన్నాను. వాడూ రేపు అన్నం వండుకోవాలి కదండీ.

ఇప్పుడు అసలు విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, రెండేళ్ళలోపు పిల్లలకి స్క్రీన్ వద్దనీ, ఆ తర్వాత ఐదేళ్ళలోపు రోజుకి గంట మించొద్దనీ. ఇది మన అమ్మాయిలకి తెలియక కాదు. ఫోనిస్తే ఇల్లు నీటుగా ఉంటుంది, అందుకే ఇస్తున్నారు. ఫోనిచ్చిన తల్లిని "ఈ కాలం పిల్లలింతే" అని దెప్పే నోరే, హాల్లో గిన్నెలు పరుచుకున్న రోజున "ఇల్లేమిటే ఇలా ఉంది" అంటుంది. రెండు వైపులా తిట్లు తినే మనిషి ఏది ఎంచుకుంటుంది? తుడవక్కర్లేనిది ఎంచుకుంటుంది. ఫోను తియ్యమని ఆవిడకి చెప్పే ముందు ఇంట్లో మిగతావాళ్ళు చెయ్యాల్సింది ఒకటుంది. గిన్నెలు కింద ఉన్నాయని ముఖం చిట్లించడం మానాలి.

మా చెల్లెలి కూతురికి నేను చెప్పిన ఉపాయం ఒకటే. పాత దుప్పటి పరిచి ఆటంతా దానిమీదే పెట్టు, అయ్యాక నాలుగు చెంగులూ ఎత్తి దులుపు. సాయంత్రం ఆట అయితే ఆ దులిపే పని వాళ్ళ నాన్నది. అల్లుడు మొదట్లో "నాకు రాదు" అన్నాడట. దుప్పటి దులపడం రాకపోవడమేమిటో! ఇప్పుడు పిల్లాడు ఒక చెంగు పట్టుకుంటాడు, తండ్రి మిగతావి పట్టుకుంటాడు. అది వాళ్ళకి ఇంకో ఆటైంది.

జాగ్రత్తలు కొన్ని తప్పవు. పల్లీలు, సెనగలు, బఠాణీలు, పూసలు మూడేళ్ళు దాటేదాకా ఆటకివ్వద్దు, గొంతులో ముక్కులో పోతాయి. గురివింద గింజలు చూడ్డానికి ఎంత ముద్దుగా ఉన్నా విషం. రిమోట్లలో ఉండే బిళ్ళ బ్యాటరీలు అసలు అందనివ్వకండి. నీళ్ళాట దగ్గర మాత్రం మనిషి ఉండాల్సిందే, రెండంగుళాల నీళ్ళయినా సరే. ఆట అవగానే పళ్ళెం బోర్లించెయ్యండి. పిండి ముద్ద పచ్చిది తిననివ్వకండి.

ఈ వారం మీ ఇంటికి మిక్సీయో, కుర్చీయో, ఫ్రిజ్జో వస్తే అట్టపెట్టె మాత్రం పాతసామాన్ల వాడికి అప్పుడే ఇచ్చెయ్యకండి. పిన్నులు పీకేసి, థర్మాకోల్ తీసేసి, హాల్లో ఓ మూల పెట్టి, ఏమీ చెప్పకుండా మీ పని మీరు చూసుకోండి.