వారం రోజుల విడిది

మన ఇళ్ళకు పదిమంది వస్తున్నారంటే, ముందు బియ్యం ఎన్ని పొయ్యాలన్న ప్రశ్న పుడుతుంది. వాళ్ళెందుకు వస్తున్నారన్నది తరవాతి సంగతి. నెల్లాళ్ళుగా మా ఇంట్లో సాగుతున్న చర్చ కూడా అలాగే మొదలైంది. అయితే ఇది పెళ్ళీ కాదు, వ్రతమూ కాదు. మా మేనల్లుడు కంప్యూటరు ప్రోగ్రాములు రాస్తాడు. స్కాను బొమ్మలను తెరిచి, కొలిచి, ఏ అవయవం ఎక్కడ వున్నదో విడదీసి చూపించే ప్రోగ్రాములంటే వాడికి ప్రాణం. అలాంటి వాళ్ళను ముప్ఫై మందిని ఒకచోట చేర్చి వారం రోజులు కూర్చోబెట్టాలనీ, అదీ మా శాలిబండలోనే జరగాలనీ వాడి పట్టుదల. ఏర్పాట్ల బరువు నా నెత్తిన పెట్టాడు.

"ఉపన్యాసాలెవరివిరా?" అని అడిగాను.

"ఉపన్యాసాలుండవత్తా."

"పోనీ, సన్మానాలు?"

"అవీ వుండవు."

"మరి వారం రోజులూ ఏం చేస్తార్రా?"

"పని చేస్తారు" అన్నాడు.

ఉపన్యాసమూ శాలువా లేని సభ ఒకటి వుంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఇది వాడి సొంత ఊహ కాదు. అమెరికాలో త్రీడీ స్లైసర్ అనే ప్రోగ్రాము వున్నది. 1998 ప్రాంతంలో బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆస్పత్రి వారూ, ఎం.ఐ.టి. వారూ కలిసి దానికి శ్రీకారం చుట్టారు. దాన్ని ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు. లోపల ఎలా రాశారో చూడవచ్చు. తమ అవసరానికి మార్చుకోవచ్చు. ఆవకాయ జాడీతోపాటు కొలతలు కూడా రాసి ఇవ్వడమన్నమాట. దీన్నే ఓపెన్ సోర్స్ అంటున్నారు. అయితే ఇది పరిశోధన కోసం చేసిన పనిముట్టు. డాక్టరు తీర్పుకు బదులు కాదు. ఇటువంటి ప్రోగ్రాములతో పనిచేసేవాళ్ళు 2005 నుంచీ ప్రాజెక్ట్ వీక్ అనే పేరుతో కలుసుకుంటున్నారు. వేసవి సమావేశాలు చాలావరకు ఎం.ఐ.టి.లోనూ, శీతాకాలపువి మొదట్లో సాల్ట్ లేక్ సిటీలోనూ, తరవాత స్పెయిన్ దేశపు కానరీ దీవుల్లోనూ జరిగాయి.

వాళ్ళ పద్ధతి నాకు చాలా నచ్చింది. వచ్చే ప్రతివాడూ తాను చేయబోయే పనిని ముందే ఒక్క పేజీలో రాసి అందరికీ కనిపించేటట్లు పెట్టాలి. ఆ పేజీలో మూడే మూడు సంగతులు: ఏం చెయ్యాలి, ఎలా చేద్దామనుకుంటున్నాం, ఎంతవరకు వచ్చింది. సమావేశానికి కొన్ని వారాల ముందు నుంచే దూరాన వున్నవాళ్ళు తెర మీద మాట్లాడుకొని, ఎవరి పని ఎవరితో కలుస్తుందో చూసుకుంటారు. మొదటి రోజు ఎవరి పని వారు క్లుప్తంగా చెప్పుకుంటారు. ఆఖరి రోజు జరిగినదీ, జరగనిదీ కూడా చెప్పి లేస్తారు. నడుమ వున్న రోజులన్నీ బల్ల దగ్గరే. ఉత్తరాల్లో నెల పట్టే చిక్కు, పక్కన కూర్చున్నప్పుడు పూటలో విడిపోతుందట. నిజమే! వియ్యాలవారి తగాదాలు కూడా అంతే కదా.

ఇహ శాలిబండ సంగతి. గచ్చిబౌలిలో చల్లని హాళ్ళు బోలెడున్నాయి, ఇక్కడెందుకని మా అన్నయ్య అడిగాడు. మేనల్లుడు చెప్పిన కారణం సబబుగానే వున్నది. ప్రోగ్రాము రాసేవాడు రోజూ స్కాను తీసే టెక్నీషియన్‌ను చూడడు. టెక్నీషియన్‌కు ఏ మీట ఎక్కడుంటే చెయ్యి తిరుగుతుందో వాడికి తెలియదు. పాతబస్తీ ఆస్పత్రుల్లోనూ, మూసీ అవతల ఉస్మానియాలోనూ పనిచేసేవాళ్ళు డ్యూటీ దిగి గంటసేపు వచ్చిపోవాలంటే ఈ చుట్టుపక్కలే వుండాలి.

సరే, తిథి చూశాం. ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాలు. అప్పుడీ రోడ్డున చీమ దూరదు. రంజాను నెలలో ఉపవాసాలుండేవాళ్ళకు పగలు కష్టం, రాత్రి గడియారం దగ్గర జనం కష్టం. చివరకు పుష్యమాసం ఖాయం చేశాం. శూన్యమాసమని మనవాళ్ళు పెళ్ళిళ్ళు పెట్టుకోరు కాబట్టి ఫంక్షను హాలు తేలిగ్గా దొరుకుతుంది. వేదిక మీది సింహాసనాల్లాంటి కుర్చీలు తీసేసి, ఆరుగురికొక బల్ల వెయ్యమన్నాం. కరెంటు పోతే జనరేటరు, ఇంటర్నెట్టుకు రెండు వేరువేరు కంపెనీల లైన్లు. శాకాహారానికి పొయ్యి వేరు, మాంసం హలాల్. ఇరానీ చాయ్ మాత్రం అందరిదీ ఒక్కటే. చంటిపిల్లతో వచ్చే ఒక ఇంజనీరు కోసం పక్కగదిలో ఉయ్యాల. వరంగల్, కరీంనగర్‌ల నుంచి వచ్చే విద్యార్థులకు బస్సు ఖర్చులు. ఆడపిల్లల బస మా ఇంట్లోనే.

ఇంతవరకు నాకు చాతనైన పనే. మా పక్కింటావిడ సంగతి చెబితే దీని అవసరం మీకూ బోధపడుతుంది. ఒకచోట స్కాను తీయించుకొని సీడీ పట్టుకు వెళితే, రెండోచోట అది తెరుచుకోలేదు. బొమ్మలు భద్రంగానే వున్నాయి. అలాంటి బొమ్మలు దాచేందుకు డైకామ్ అనే ప్రమాణం 1993 నుంచీ వున్నది. వాటిని చూపించే ప్రోగ్రామే ఆ కంప్యూటరులో నడవలేదు. పాపం, ఆవిడ మళ్ళీ డబ్బు కట్టి, మళ్ళీ ఆ కిరణాల కింద పడుకున్నది. ఎటువంటి కంప్యూటరులోనైనా నడిచే ఉచిత ప్రోగ్రామును తెలుగులో, ఉర్దూలో మీటల పేర్లతో సిద్ధం చెయ్యడం మావాళ్ళ మొదటి పని.

ఈ విద్యలో దాచుకోకుండా ఇచ్చినవాళ్ళు మొదటినుంచీ వున్నారు. 1895లో ఎక్స్‌రే కనిపెట్టిన రాంట్‌జెన్ దానికి పేటెంటు తీసుకోలేదు. అనేక కోణాల నుంచి తీసిన నీడలను కలిపి లోపలి బొమ్మను తిరిగి కట్టడానికి జి.ఎన్. రామచంద్రన్, లక్ష్మీనారాయణన్ అనే మన శాస్త్రజ్ఞులు 1971లో ఒక సులువైన లెక్క చెప్పారు. దాన్ని అచ్చువేసి లోకానికిచ్చారు. స్కాను యంత్రాల విద్యలో వారి పేర్లు ఈనాటికీ వినిపిస్తాయి.

మా హైదరాబాదుకు కూడా ఇలాంటి కొలువు కొత్త కాదు. క్లోరోఫారం ఇస్తే ముందు శ్వాస ఆగుతుందా, గుండె ఆగుతుందా అని తేల్చడానికి డాక్టర్ లారీ 1888లోనూ, 1889లోనూ ఇక్కడ రెండు కమిషన్లు నడిపాడు. రెండోదానికి ఆరో నిజాము ఖర్చు భరించగా, లాన్సెట్ పత్రిక తరఫున లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. శ్వాసే ముందు ఆగుతుందని తేల్చారు. ఆ తీర్పు పూర్తిగా నిలవలేదు. క్లోరోఫారం గుండెనే హఠాత్తుగా దెబ్బతీయగలదని 1911లో లెవీ చూపించాడు. అయితే హైదరాబాదు పరీక్షల వివరాలు అచ్చయి వున్నాయి కాబట్టే, తరవాతి వాళ్ళు వాటిని సరిచూడగలిగారు. తాళం వేసి దాచిన తప్పును ఎవరు దిద్దుతారు?

కాని అన్నీ తెరిచి పెట్టవచ్చునా? ఈ ప్రశ్న దగ్గర మా మేనల్లుడూ నేనూ రెండు రాత్రులు వాదించుకున్నాం. స్కాను బొమ్మ వెంట రోగి పేరూ, పుట్టిన తేదీ వుంటాయి, అవి తుడిచెయ్యవచ్చు. తలకు తీసిన స్కాను నుంచి మాత్రం, తలుచుకుంటే, ఆ మనిషి ముఖాన్నే కంప్యూటరు తెర మీద నిలబెట్టవచ్చునట! మా వీధిలో పరదా దాటి బయటికి రాని తల్లులున్నారు. వైద్యుణ్ణి నమ్మి ఆ యంత్రంలో తల పెట్టిన ఇల్లాలి ముఖం, ఆవిడకు తెలియకుండా ముప్ఫై మంది కళ్ళ ముందు తిరగడం న్యాయమా?

చుట్టుపక్కల ఆస్పత్రుల బొమ్మలైతే కావలసినన్ని దొరుకుతాయని వాడు ఆశపడ్డాడు. నేను ఒప్పుకోలేదు. చివరకు తేలినదేమంటే, ది కేన్సర్ ఇమేజింగ్ ఆర్కైవ్ వంటి చోట్ల పరిశోధన కోసమే, పేర్లు తీసివేసి, బహిరంగంగా వుంచిన బొమ్మలతోనే వారమంతా పనిచెయ్యాలి. తల స్కానయితే ముఖభాగం చెరిపినదే ముట్టుకోవాలి. టెక్నీషియన్లు తమ అనుభవం తేవచ్చు గాని, రోగుల సీడీలు తేకూడదు. ఈ నియమం ఆహ్వానపత్రికలో, భోజనాల వేళల కన్నా ముందే వేయించాం.

మీ ఇంట్లో ఎవరైనా స్కాను తీయించుకుంటే రిపోర్టుతోపాటు బొమ్మలు కూడా అడిగి తెచ్చుకోండి, అవి మీవి. అడిగినవాళ్ళందరికీ మాత్రం ఇవ్వకండి. పనిముట్టు పదిమందిదీ కావాలి, ముఖం మాత్రం ఎవరిది వారిదే.