తూటాల వానలో తడవకుండా

ఇంటర్ చదివే కొడుకున్న ఒక సోదరి జాబు రాసింది. అబ్బాయి కాలేజీ నుంచి రాగానే గది తలుపేసుకుంటాడట. కంప్యూటర్ నిండా రంగురంగుల తూటాలేనట. ఏంట్రా ఇది అంటే నీకు అర్థం కాదులే అంటాడట. రోజు మొత్తంలో తల్లితో వాడు ఆడే మాట అదొక్కటే! చూశారా, ఆట ఎలా మాన్పించాలని ఆవిడ అడగలేదు. మాట ఎలా కలపాలని అడిగింది. అందుకే ఈ వారం ఆ ఆట సంగతే చెప్పుకుందాం. మా ఇంట్లోనూ అది ఉంది, పక్కన కూర్చుని నేనూ నాలుగు ముక్కలు నేర్చుకున్నాను.

వీటిని బుల్లెట్ హెల్ ఆటలంటారు. పుట్టిల్లు జపాను. అక్కడి మాట దన్మకు, అంటే తూటాల తెర అని అర్థం. 1993లో వచ్చిన బట్సుగన్‌తో ఈ తరహా మొదలైందని చాలామంది అంటారు. 1997లో కేవ్ కంపెనీ వారి దోదోన్‌పాచి వచ్చింది. పిల్లలు ఎక్కువగా చెప్పుకునే తోహో ఆటలు జున్ అనే పేరుతో ఒక్క మనిషే తయారుచేస్తాడు. సంగీతం కూడా ఆయనదే. ఒక్కో ఘట్టం చివర ఒక పెద్ద శత్రువు వస్తుంది. దాన్నే బాస్ అంటారు. అసలు తంటా అక్కడే.

మొదటి కిటుకు: మన బొమ్మ పెద్దదిగా కనిపించినా దాని ప్రాణం నడుమనున్న చిన్న చుక్కలోనే ఉంటుంది. జుట్టుకో, చేతికో, రెక్కకో తూటా తగిలితే ఏమీ కాదు. తోహోలో షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుంటే బొమ్మ మెల్లగా కదులుతుంది. 2003 నాటి ఆట నుంచి ఆ చుక్క కూడా కనిపిస్తుంది. ఇరుకు సందుల్లో షిఫ్ట్ పట్టుకుని, మీటను చిన్నగా తాకుతూ జరగాలి. దూరం పోవాలంటే షిఫ్ట్ వదిలేయాలి.

రెండోది చూపు. బాస్ మొహం చూస్తూ కూర్చోకూడదు. మన చుక్కకి కొంచెం పైన, వచ్చే తూటాల మీద కళ్లుండాలి. కింద అంచుకు బాగా అతుక్కోకూడదు, వెనక్కి జరగడానికి చోటుండాలి. మూలకి మాత్రం అస్సలు పోవద్దు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. తూటాలు రెండు రకాలు. కొన్ని మనకి గురిపెట్టి వస్తాయి. కొన్ని మనమెక్కడున్నా ముగ్గు వేసినట్టు ఒకే తీరుగా పరుచుకుంటాయి. గురిపెట్టినవి ఆగకుండా వస్తుంటే కంగారుగా పరిగెత్తకండి, ఒకే వైపుకి చిన్న చిన్నగా జరగండి. అవన్నీ మన వెనకే పోతాయి. అంచు దగ్గరయ్యాక ఒక్క ఉదుటున కాస్త దూరం జరిగితే సందు తెరుచుకుంటుంది, అందులోంచి ఇవతలికి రావాలి. విసనకర్రలా విచ్చుకుని వచ్చే వాటిలో తమాషా ఉంది. బేసి సంఖ్యలో వస్తే నడిమిది సూటిగా మన మీదికే వస్తుంది, జరగాలి. సరి సంఖ్యలో వస్తే అటూ ఇటూ పోతాయి, కదలకుండా ఉండడమే మంచిది!

2002 ఆటలో చిర్నో అనే మంచు పిల్ల రెండో బాస్. ఈజీలో ఆడితే, ఆవిడ మంచు ముక్కలు కురిపించే దాడిలో ఎదురుగా, సరిగ్గా ఆవిడ కిందే నిలబడితే ఒక్కటీ తగలదు. నార్మల్‌లో అక్కడికే పసుపు తూటాలు వస్తాయి సుమా!

నాలుగోది బాంబు. అది కష్టానికి దాచుకున్న పోపులపెట్టె డబ్బు. నొక్కితే చుట్టూ ఉన్న తూటాలు పోతాయి. దాన్ని వాడకుండా ప్రాణం పోగొట్టుకుంటే దాచి లాభమేమిటి? ఏ దాడి తప్పించుకోలేమో ముందే తెలుసుకుని, అక్కడ వెనకాడకుండా వాడాలి. 2004 నాటి ఇంపెరిషబుల్ నైట్‌లో అయితే ఎదురుపడిన దాడిని విడిగా ఎంచుకుని ఎన్నిసార్లయినా సాధన చేయొచ్చు.

ఇక అమ్మా, నీకో మాట. నిద్రవేళ, పరీక్షల వేళ పట్టుదలగానే ఉండు. కానీ అన్నానికి పిలవబోయే ముందు వాడు బాస్‌తో ఉన్నాడేమో చూడు, రెండు నిమిషాలు ఆగు. ఆ పోరు అయ్యాక పక్కన కూర్చుని, "నాన్నా, ఆ ఎర్రవి నీకు గురిపెట్టి వస్తున్నాయా, ఊరికే వస్తున్నాయా?" అని అడుగు. వాడు తలతిప్పి నిన్ను చూస్తాడు. జవాబు చెప్పడానికి నోరు విప్పాడంటే, మధ్యలో చదువు ఊసెత్తకుండా విను. ఏమన్నాడో నాకు జాబు రాయి.