గిల్టు గొలుసు నల్లబడితే ఇంట్లోనే పూత వేయొచ్చా?

అల్ రువైస్‌లో మేం సముద్రం ఒడ్డునే ఉంటాం కదా, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఆ ఉప్పు గాలికి, చెమటకి వన్ గ్రామ్ గోల్డ్ గొలుసులు తొందరగా నల్లబడిపోతాయి. అసలు బంగారం ఊళ్ళో లాకర్‌లోనో, తాకట్టులోనో ఉంటుంది. ఇక్కడ మెడలో ఉండేది గిల్టే. అందుకే ఈమధ్య గ్రూపులో చాలామంది అడుగుతున్నారు, "వీడియోల్లో చూపిస్తున్నట్టు ఇంట్లోనే బంగారు పూత వేసుకోవచ్చా?" అని.

ముందు ఆ పూత సంగతి చూద్దాం. మచిలీపట్నం దగ్గరి చిలకలపూడి పేరు తెలియనివాళ్ళు మనలో తక్కువ. పాతకాలపు రోల్డ్ గోల్డ్‌లో పల్చటి బంగారు రేకును వేరే లోహానికి అతికించేవారు. ఇప్పటి వన్ గ్రామ్ నగలకు ఎక్కువగా కరెంటుతో పూత పెడతారు. 1805లో ఇటలీలో బ్రున్యాతెల్లి అనే ఆయన వెండి పతకాలకు బంగారు పూత వేసింది కూడా ఇలాగే. ఒక గ్రాము బంగారాన్ని ఒక మైక్రాన్ మందంలో పరిస్తే 500 చదరపు సెంటీమీటర్లకు పైగా వస్తుంది. మన తలవెంట్రుక మందం దానికి యాభై రెట్ల పైనే. అంత పల్చని పొర అరిగితే కింద ఉన్న రాగి, ఇత్తడి బయటపడి నల్లబడక ఏం చేస్తాయి!

ఈ పని ఎలా జరుగుతుందో చూడాలంటే రాగితో చేయండి. సెలవుల్లో పిల్లలకీ సరదాగా ఉంటుంది, మీరు మాత్రం పక్కనే ఉండాలి.

1. పాత ఇత్తడి తాళంచెవిని డిష్‌వాష్ సబ్బుతో జిడ్డు లేకుండా కడగండి. తర్వాత చేత్తో ముట్టుకోకండి.
2. గాజు సీసాలో తెల్ల వెనిగర్ పోసి చిటికెడు ఉప్పు కలపండి. కిటికీ తీసి ఉంచండి.
3. తొడుగు తీసిన రెండు రాగి తీగలను 1.5 వోల్టుల బ్యాటరీకి చెరోవైపు కలిపి, ఒకదానికొకటి తగలకుండా ముంచండి. అరగంటకి నీళ్ళు లేత నీలం రంగుకి వస్తాయి.
4. ఇప్పుడు మైనస్ వైపు తీగకి తాళంచెవి కట్టి ముంచండి. ప్లస్ వైపు రాగి కరిగి వచ్చి తాళంచెవి మీద పేరుకుంటుంది. పావుగంట చాలు.

ఫోన్ ఛార్జరు, గోడ ప్లగ్గు జోలికి వెళ్ళొద్దు. ప్లస్ వైపు స్టీలు పెట్టొద్దు, అందులోని క్రోమియం విషంగా మారొచ్చు. ఆ నీలం నీళ్ళు కూడా విషమే. వంటింటి గిన్నెలు వాడొద్దు, తినే తాగే వస్తువులకి ఈ పూత వేయొద్దు. పని అయ్యాక ఆ నీళ్ళను పాత గుడ్డలకి పీల్పించి, కవర్లో కట్టి చెత్తలో వేయండి. సముద్రంలో పారబోయొద్దు.

ఇక బంగారం సంగతి. ఆ పూత ద్రావణాల్లో మామూలుగా వాడేది సయనైడ్ ఉప్పు. చూడ్డానికి మన వంటింటి ఉప్పులాగే ఉంటుంది. దానికి వెనిగరో, నిమ్మరసమో తగిలిందంటే ప్రాణం తీసే గ్యాస్ వస్తుంది. రాగికి వెనిగర్ వాడాం కదా, దీనికీ వాడదాం అనుకుంటే ఇంటిల్లిపాదికీ ప్రమాదం. అందులో ఏముందో రాయని కిట్లు, పొడులు ఎంత చవగ్గా వచ్చినా కొనకండి. ఒక గొలుసు కోసం అంత సాహసం వద్దమ్మా.

మరి ఏం చేయాలి? సెంటు, లోషన్ రాసుకుని అవి ఆరాకే గొలుసు వేసుకోండి. స్నానానికి, గిన్నెలు తోమేటప్పుడు తీసేయండి. రాత్రి పొడి నూలుగుడ్డతో తుడిచి జిప్ కవర్లో పెట్టండి. చింతపండు, టూత్‌పేస్టు పెట్టి రుద్దారంటే ఉన్న పూత కూడా పోతుంది. మెడ దురద పెడుతుంటే వెంటనే తీసేయండి, కొన్నింటికి పూత కింద నికెల్ ఉంటుంది. ఈసారి ఊరెళ్ళినప్పుడు గిల్టు పనివాళ్ళ దగ్గర మళ్ళీ మెరుగు పెట్టించుకోండి.

తాళంచెవికి రాగి రంగు వచ్చినవాళ్ళు గ్రూపులో ఫొటో పెట్టండి. పిల్లలు చేశారంటే వాళ్ళ పేరు కూడా రాయండి!